ఖాళీగా తిరుగుతుందట మా రైలు!

ఇంటికొచ్చి చెప్పులు విప్పి గంట కూడా కాలేదు. అమ్మ పడుకుంది. నాకు మాత్రం కోపం దిగట్లేదు, అందుకే రాస్తున్నాను. పోస్టు పెద్దదే. మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న ఊరు. మా ఊరివాళ్ళు, నదికి అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం వాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

అమ్మకి పది రోజుల కిందట శ్రీకాకుళంలో శుక్లం ఆపరేషన్ అయింది. ఈ రోజు చెకప్. కంటికి కుదుపులు మంచివి కావని డాక్టరు చెప్పారు. సగం దూరమైనా కుదుపు తప్పుతుందని ఆమదాలవలసలో రైలెక్కించి నౌపడలో దింపాను. అక్కడి నుంచి మా ఊరికి పట్టాలున్నాయి. పైన కరెంటు తీగలున్నాయి. మధ్యాహ్నం రెండు గంటలకి ఎక్కడానికి రైలు లేదు. విశాఖలో సాయంత్రం బయలుదేరి మా ఊరి మీదుగా గుణుపురం వెళ్ళే బండి కోసం కూర్చుంటే ఇల్లు చేరేసరికి రాత్రే.

ఎండ తగ్గాక ఆటో చూద్దామని బెంచీ మీద కూర్చున్నాం. అమ్మకి నల్ల కళ్ళద్దాలు, దాని మీద కొంగు. కంటి చుక్కల సీసా వేడెక్కకుండా తడి రుమాలులో చుట్టి గుప్పిట్లో పట్టుకుంది. నౌపడ అంటే ఉప్పు కొటార్ల ఊరు కదా, గాలి వీచినప్పుడల్లా ఆ కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంటోంది.

పక్కనే విశాఖ బండి కోసం ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. మాటల్లో మాటగా సంతకాల సంగతి చెప్పాను. పలాస నుంచి పర్లాకిమిడికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మెమూ, అంటే కరెంటుతో నడిచే లోకల్ రైలు, వేయండి, కావాలంటే మూడు నెలలు ట్రయల్‌గానే వేయండి అని మా వీధుల్లో కాగితం తిప్పుతున్నాం. ఆయన నవ్వాడు. "ట్రయల్ వేసినా ఖాళీ బోగీలే తిరుగుతాయి బాబూ. మీ వాళ్ళకి బస్సు అలవాటైపోయింది. ఎవరెక్కుతారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "వడ్డించకండా ఆకలి లేదంటావేటి బాబూ?" అని అడిగింది. ఆయన ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఎవరెక్కుతారో నేను చెప్తాను. నేనెక్కుతాను. టెక్కలిలో ఒక హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తాను, పదకొండేళ్ళుగా రోజూ బస్సులో నిలబడి వెళ్తున్నాను. నాతోపాటు నిలబడే నర్సులు, కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలవాళ్ళు ఎక్కుతారు. పాతపట్నం నుంచి మా బజారుకొచ్చి పనిచేసేవాళ్ళు, టెంబూరు, గంగువాడ జనం ఎక్కుతారు.

మా వీధి చివర ఒక అమ్మాయి ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. పలాసలో ఉద్యోగం వచ్చింది, నెలకి తొమ్మిది వేలు. డ్యూటీ దిగాక ఇంటికి రావడానికి దారి లేక అక్కడే గది తీసుకుంది. అద్దె మూడు వేలు, తిండి ఖర్చు వేరే. ఐదు నెలలు చేసి మానేసింది. ఇప్పుడు ఇంట్లో మిషను కుట్టుకుంటోంది. నౌపడ నుంచి మా ఊరు నలభై కిలోమీటర్ల దగ్గరలో ఉంటుంది, పలాస దానికి ఇంకొంచెం. డ్యూటీ దిగే టైముకి ఒక్క బండి ఉంటే ఆ పిల్ల ఉద్యోగం నిలబడేది. ఇది ఏ ప్యాసింజర్ల లెక్కలో కనిపిస్తుంది? టికెట్ కొనని మనిషిని ఎవరు లెక్కపెడతారు?

మేం అడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. పలాస, విశాఖ మధ్య మెమూ ఇప్పటికే తిరుగుతోంది. మెమూకి రెండు కొసల్లోనూ డ్రైవరు క్యాబిన్ ఉంటుంది, పర్లాకిమిడిలో ఇంజను విప్పి ఇటు నుంచి అటు తగిలించే పని కూడా ఉండదు. ఆగిన దగ్గర నుంచే వెనక్కి వెళ్ళిపోవచ్చు. ఫలానా స్టేషన్లో ఫలానా ఎక్స్‌ప్రెస్ ప్రయోగాత్మకంగా ఆరు నెలలు ఆగుతుందని రైల్వే వాళ్ళే ప్రకటిస్తుంటారు. అదే ప్రయోగం మాకూ చేయండి. చేసేటప్పుడు జనం పనికి వెళ్ళే టైముకి, పని నుంచి వచ్చే టైముకి చేయండి. మిట్ట మధ్యాహ్నం ఒక బండి నడిపి జనం లేరని ఎత్తేస్తే ఊరుకోం.

అసలు ఈ లైను ఎలా పుట్టిందో ఆ పెద్దమనిషికి తెలిసుంటే అంత మాట అనడు. మా రాజా గౌరచంద్ర గజపతి తన డబ్బు పెట్టి వేయించిన లైను ఇది. నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల గేజు (పట్టాల మధ్య వెడల్పు) మీద చిన్న రైలు, 1900 ఏప్రిల్ 1న మొదలైంది. మొదట్లో నష్టాలే. 1910 దాటాకే కాస్త లాభం కళ్ళజూసింది. అంటే పదేళ్ళు నష్టానికి నడిపారు! జనం అలవాటు పడ్డారు, సరుకు పెరిగింది, 1931 నాటికి పట్టాలు గుణుపురం దాకా వెళ్ళాయి. సంస్థానం పదేళ్ళు ఓపిక పట్టింది. ఇంత పెద్ద దేశం మా కోసం మూడు నెలలు ఓపిక పట్టలేదా?

అమ్మ పెళ్ళికి నాన్న తరఫు వాళ్ళు ఆ చిన్న రైల్లోనే వచ్చారు. కాశీనగరంలో నలభై మంది ఎక్కారట, డోలు సన్నాయి పెట్టెలోనే మోగాయట. బండి ఎంత నెమ్మదిగా నడిచేదంటే దారిలో మా చిన్నాన్న దిగి మామిడాకులు కోసుకుని మళ్ళీ ఎక్కాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నెమ్మదో ఏదో, ఉండేది.

2004లో దాన్ని ఆపేశారు. బ్రాడ్‌గేజ్ వేస్తామన్నారు, మంచిదే అన్నాం. పెద్ద రైలు పర్లాకిమిడికి వచ్చింది 2010లో. గుణుపురానికి 2011లో. ఆరేళ్ళు మా ఊరికి రైలే లేదు. ఆ ఆరేళ్ళలో జనం బస్సెక్కక ఏం చేస్తారు? అప్పులు చేసి బైకులు కొనుక్కున్నారు. బస్సు అలవాటైందని ఈ రోజు మమ్మల్ని అంటున్నారే, ఆ అలవాటు చేసిందెవరు? తర్వాత కరోనా వచ్చింది. ప్యాసింజర్ బండికే ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చి పది రూపాయల కనీస టికెట్‌ని ముప్ఫై చేశారు. అవే పెట్టెలు, అవే స్టేషన్లు. కరోనా పోయాక కూడా ఆ ముప్ఫై అలాగే ఉంది, మళ్ళీ పదికి దిగింది 2024లో. అప్పటికి ఎంతమంది రైలు మానేశారో ఎవరైనా అడిగారా?

ఇంకొకటి ఉంది, దీన్ని తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. మా లైను చూసుకునే వాల్తేరు రైల్వే డివిజన్ని విడగొట్టాలని 2025 ఫిబ్రవరిలో కేంద్రం నిర్ణయించింది. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా విశాఖ డివిజన్‌కి, పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా రాయగడ డివిజన్‌కి. తొంభై కిలోమీటర్ల లైను. ఒక్క సంస్థానం వేయించిన లైను. దాన్ని తెచ్చి సరిగ్గా మా స్టేషన్ దగ్గర రెండు ముక్కలు చేశారు. ఇక అర్జీ ఎవరికివ్వాలి? విశాఖ వాళ్ళని అడిగితే మీది ఒడిశా అంటారు. ఒడిశాలో అడిగితే ఆ ముక్క ఆంధ్ర జోన్‌ది అంటారు. ఈ మాట మాకు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న మమ్మల్ని ఒడిశాలో కలిపినప్పటి నుంచీ వింటున్నాం. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆ ఏడాదే ఆయన మనసు విరిగి రాజమండ్రి వెళ్ళిపోయారు. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళారు. మేం ఉండిపోయాం.

సరే, నౌపడ సంగతికే వస్తాను. ఆటోలో టెక్కలి వచ్చి పాతపట్నం బస్సెక్కాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకున్నారు. అమ్మ కూడా తన ఆధార్ తీసింది. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. అడ్రసు ఒడియాలో ఉంది. "అమ్మా, మీది ఒడిశా, టికెట్ తీసుకోవాలమ్మా" అన్నాడు. అతని తప్పేం లేదు, రూలు అది. మర్యాదగానే చెప్పాడు. అమ్మ పుట్టిందేమో పాతపట్నంలో. పెళ్ళయి మహేంద్రతనయ నది దాటి ఇవతలి ఒడ్డుకొచ్చిన పాపానికి, పుట్టింటి బస్సులో పుట్టింటికి టికెట్ కొనుక్కుంది. కార్డు మళ్ళీ పర్సులో పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది ఆవిడకి. కంటికి సరిగ్గా కనబడక జిప్పు దొరకలేదు. నేను పెట్టబోతే వద్దంది.

రైల్లో అయితే ఎవరూ ఏ రాష్ట్రమని అడగరు. డబ్బిస్తే అందరికీ ఒకే టికెట్. అందుకే నాకు ఆ మెమూ కావాలి.

సంతకాల కాగితం రేపు సాయంత్రం నుంచి మా ఇంటి అరుగు మీద ఉంటుంది. మొదటి సంతకం అమ్మది. ఇందాక భోజనం చేశాక, నల్లద్దాలు పైకెత్తి, కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని తెలుగులో పెట్టింది. వరస కొంచెం కిందికి జారింది, ఫర్వాలేదు. వచ్చే మంగళవారం మళ్ళీ చెకప్ ఉంది. బస్సులోనే వెళ్తాం.