బస్సు మెట్టు

నిన్న అమ్మను కంటి డాక్టర్‌కు చూపించడానికి మెహదీపట్నంలో బస్సెక్కించాను. మెట్టు ఆమె మోకాలంత ఎత్తుంది. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని కుడికాలు పైన పెట్టింది, ఎడమకాలు లేవలేదు. "జల్ది ఎక్కమ్మా" అని వెనక నుంచి ఎవరో. నేను నడుం పట్టి పైకి ఎత్తాను. సీట్లో కూర్చున్నాక కూడా చాలాసేపు ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి.

రాత్రి ఉక్రెయిన్ నగరాలను మళ్ళీ ఎలా కట్టాలన్న చర్చ చదువుతుంటే ఆ మెట్టే కళ్ళ ముందుంది. యుద్ధంలో కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు రేపు అక్కడ బస్సెక్కాలి. "ముందు ఇళ్ళు కట్టనీ, గ్రీన్ ట్రాన్స్‌పోర్ట్ (పొగ తక్కువుండే బస్సులు, ట్రామ్‌లు, నడక దారులు) సంగతి తర్వాత చూద్దాం" అనే మాట వింటే నాకు భయమేస్తుంది. ఇల్లు ఇచ్చాక ఆ ఇంట్లోని మనిషి ఆసుపత్రికి ఎలా పోవాలి? స్టాపు ఎక్కడో, ఫుట్‌పాత్ ఎంతో నక్షా గీసే రోజే తేలాలి. తర్వాత ఎవరూ చోటివ్వరు.

హిరోషిమాలో 1945 ఆగస్టు 6న బాంబు పడింది. 9వ తేదీకల్లా చిన్న ముక్క లైను మీద ట్రామ్, అంటే రోడ్డు మీది పట్టాలపై కరెంటుతో నడిచే బండి, మళ్ళీ నడిచింది. మగవాళ్ళు సైన్యంలోకి పోవడంతో ఆ ట్రామ్‌లలో కండక్టర్లుగా, డ్రైవర్లుగా బడికెళ్ళే ఆడపిల్లలు కూడా పనిచేసేవారు. బాంబుకు దెబ్బతిన్న 651, 652 నంబర్ల బండ్లను బాగుచేస్తే, అవి దశాబ్దాల తర్వాత కూడా ఆ ఊళ్ళో తిరిగాయి. పశ్చిమ బెర్లిన్ మాత్రం కార్లకు చోటివ్వడానికి ట్రామ్‌లను తీసేస్తూ వచ్చి 1967లో పూర్తిగా ఆపేసింది. రెండు బెర్లిన్‌లు కలిశాక, 1995లో తూర్పు నుంచి పట్టాలు మళ్ళీ పడమటి వైపు వేయాల్సి వచ్చింది.

కరెంటు కేంద్రాల మీద దాడి జరిగితే ట్రామ్ ఆగిపోదా అంటారు. ఆగుతుంది. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఆగితే బదులుగా మామూలు బస్సులు తిప్పారు. అందుకే ట్రాలీబస్సులు, అంటే పైన తీగల నుంచి కరెంటు తీసుకునే బస్సులు, తీగ లేని చోట బ్యాటరీతో కొంతదూరం పోగలిగేవి కావాలంటున్నాను. ఉక్రెయిన్‌లోనే ఖార్కివ్ నగరంలో జనం నెలల తరబడి మెట్రో స్టేషన్లలోనే తలదాచుకున్నారు. 2022 మే 24న రైళ్ళు మళ్ళీ మొదలైనప్పుడు టికెట్ అడగలేదు. అన్నీ పోయినవాళ్ళకు అది ఎంత ఆసరా!

మన హైదరాబాదూ దెబ్బతిని లేచిందే. 1908 మూసీ వరద తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. రాతి కమానుల పత్తర్‌గట్టి ఆ బోర్డు పనే. అంత ఆలోచన చేసిన ఊళ్ళో ఇప్పుడు 69 కిలోమీటర్ల మెట్రో ఉంది, కానీ నేను దిగే స్టేషన్ బయట ఫుట్‌పాత్ ఇరవై అడుగులు పోయి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి బండ్ల మధ్యలో నడవాలి. పైన ఫ్లైఓవర్‌కు దొరికిన చోటు కింద మనిషికి ఎందుకు దొరకదు?

వచ్చే వారం అమ్మకు మళ్ళీ చెకప్ ఉంది. బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు. అయినా "ఆటోలో పోదాం నాన్నా" అంటోంది.