నిద్రపోయే పిల్లాడికి ఫీజెందుకు?

మా వదిన నిజాంపేటలో తన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లోనే డేకేర్ పెట్టింది. చీటీ పాడిన డబ్బుల్లో సగం బాల్కనీ గ్రిల్‌కి, వంటింటికి అడ్డంగా పెట్టిన చిన్న గేటుకి, ప్లగ్గుల మూతలకే పోయింది. మిగిలిన దాంతో ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఆరు బుల్లి కుర్చీలు కొంది. ఒకటి ఊగుతుంది, పిల్లలు కొట్టుకునేది దాని కోసమే. ఆయా జీతం ఇచ్చాక వదినకేం మిగులుతుందో అడక్కండి.

మొన్న శనివారం ఒక తండ్రిగారు రెండేళ్ల బాబుతో వచ్చారు. నెలకి 7,000 అనగానే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచారు.

"మావాడు మధ్యాహ్నం రెండున్నర గంటలు పడుకుంటాడండీ. ఆ టైమ్‌కి కూడా ఫీజేనా?"

జోకేమో అని నవ్వబోయాను. ఆయన నవ్వట్లేదు. పడుకునే గంటలు తీసేశారు. దసరాకి ఊరెళ్తాం అని ఆ రోజులూ తీసేశారు. "అసలు తినడండీ వీడు" అని పెరుగన్నం కూడా తీసేశారు, ఆ తిననివాడు అప్పటికి వదిన చేతిలో రెండో అరటిపండు మీదున్నాడు. ఇంకో పావుగంట కూర్చుంటే పిల్లాణ్ణి చూసే భాగ్యం ఇచ్చినందుకు మేమే ఆయనకి నెలనెలా కట్టాల్సి వచ్చేది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కారు పెట్టినప్పుడు కూడా "ఇంజన్ ఆపేసే ఉందిగా, పార్కింగ్ ఫీజెందుకు" అని అడిగుంటారా?

చివర్లో అసలు ముక్క వదిలారు: "మేడమ్ ఎలాగూ ఇంట్లో ఖాళీయే కదా."

ఖాళీనా? ఒకడు లేచి ఏడిస్తే మిగతా ఐదుగురూ లేస్తారని ఊపిరి బిగబట్టి, ఎవరి మొహం మీద దుప్పటి పడిందో చూసుకుంటూ కూర్చోవడం ఖాళీయా? 50 మంది, అంతకుమించి పనిచేసే చోట క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చనీ 2017లోనే చట్టంలో రాశారు. మీ ఆఫీసులో టేబుల్ టెన్నిస్ బల్ల ఉందని మీరే చెప్పారు, క్రెష్ ఏదీ అని హెచ్‌ఆర్‌ని ఒక్కసారైనా అడిగారా? అక్కడ లేవని నోరు ఇక్కడ లేస్తుంది. మా ఆయా తన నాలుగేళ్ల కూతుర్ని అంగన్‌వాడీలో దింపి వస్తుంది, అది మూశాక ఆ పిల్లని పక్కింటి ముసలమ్మ చూస్తుంది. మీ డిస్కౌంట్ ఆమె జీతంలోంచి కాకపోతే ఎక్కణ్ణుంచి రావాలి సార్?

ఇదంతా నేను పైకి అన్లేదు. వదిన కాఫీ ఇచ్చి 6,500కి ఒప్పేసుకుంది.

సోమవారం ఆరున్నరకి రావాల్సిన మనిషి "బయోడైవర్సిటీ దగ్గర ట్రాఫిక్" అంటూ ఎనిమిదింపావుకి వచ్చారు. బాబు వదిన భుజం మీదే నిద్రపోయాడు.

"ఓ, పడుకునే ఉన్నాడుగా" అన్నారు, చాలా రిలీఫ్‌గా.