కంటికి నచ్చిందే పండు

పండు రుచి తేల్చే పనిని నాలుక దగ్గర్నుంచి తీసేసి కంటికి అప్పగించి చాలా కాలమైంది. జీవో ఏదీ రాలేదు గానీ బజారంతా అమల్లో ఉంది. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. నాలుకతో వచ్చిన చిక్కల్లా, డబ్బులిచ్చి ఇంటికొచ్చాక గానీ అది డ్యూటీ ఎక్కదు.

ఎండాకాలం రోడ్డు పక్కన పుచ్చకాయల కుప్ప చూడండి. పైన ఎర్ర పట్టా కట్టి ఉంటుంది. మొన్న ఒకాయన కాయకి మూడు గాట్లు పెట్టి, ముక్క కత్తి మొనతో పైకి లాగి, "చూడండి సార్, రక్తంలా ఉంది" అన్నాడు. నిజంగానే ఉంది. ఆ మాటకొస్తే ఆ పట్టా కింద ఆయన తెల్ల బనియనూ ఎర్రగానే ఉంది, నేనిచ్చిన వంద నోటూ ఎర్రగానే ఉంది. ఇంట్లో కోస్తే లోపల వెలిసిపోయిన గులాబీ రంగు. మా ఆవిడ కాయని తప్పుపట్టింది. నాకు ట్యూబ్‌లైటు మీదే అనుమానం.

కమలా పళ్లు నారింజ రంగు వల సంచిలోనే ఎందుకొస్తాయో కూడా చెప్పాలి. వల దారం రంగునీ తొక్క రంగునీ కన్ను కలిపేసుకుంటుంది. కాస్త పచ్చిగా ఉన్న కాయ కూడా అందులో నిగనిగలాడుతుంది. ఆపిల్ అయితే మైనం పూసుకుని, మచ్చ ఉన్నచోట స్టిక్కరు బొట్టుబిళ్లలా పెట్టుకుని పెళ్లిచూపులకి కూర్చుంటుంది.

బతకడం తెలియనిది మన బత్తాయి. తొక్కలో ఆకుపచ్చ పోయి పసుపు తేలాలంటే రాత్రిళ్లు చలి తగలాలి. నల్గొండ ఎండల్లో చలెక్కడిది? లోపల రసం నిండినా పైకి పచ్చగానే ఉంటుంది. మనం నొక్కి చూసి, "ఇంకా పండలేదు" అని తీర్పిచ్చి పక్కన పడేస్తాం.

మామిడికి ఆ ఖర్మ లేదు. పెట్టెలో కార్బైడు పొట్లం పెడితే చాలు, దాన్నుంచి వచ్చే అసిటిలీన్ గ్యాసు తగిలి తొక్క పసుపెక్కుతుంది, లోపల పులుపు మాత్రం కదలదు. 2011 ఆహార భద్రత నిబంధనల్లో కార్బైడుని నిషేధించారు, తర్వాత వాటిలోనే, పండేటప్పుడు కాయ తనంతట తాను వదిలే ఎథిలీన్ గ్యాసుని 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకి వంద పాళ్లు) దాకా అనుమతించారు. అవన్నీ పొట్ట గురించి రాసుకున్న రూల్స్. కంటికి కార్బైడు మీద ఏ ఫిర్యాదూ లేదు. మా అమ్మమ్మ మామిడిపండు ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది, అంతే. ఏసీ దుకాణంలో నేనూ అలాగే చేస్తే సెక్యూరిటీ అతను రెండడుగులు దగ్గరికొచ్చాడు.

నిన్న అరటిపళ్ల బండి దగ్గర రెండు రకాల హస్తాలున్నాయి. ఒకటి ఒళ్లంతా నల్లమచ్చలు, సగం ధర. పిండి చక్కెరగా మారినప్పుడే ఆ మచ్చలొస్తాయని నాకు తెలుసు. తెలిసీ, మచ్చలేని పసుపుపచ్చ హస్తాన్ని పూర్తి ధరకి తెచ్చాను. మా అమ్మ ఒక పండు వలవబోయింది. తొక్క రాలేదు.

"వీటిని ఆవపెట్టి వండమంటావా, వేపుడు చేయమంటావా?" అంది.