లిఫ్టులో గుర్రం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడింటి నుంచి దాదాపు నాలుగింటి దాకా మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పనిచెయ్యలేదు. కరెంటు ఉంది, మోటారు బాగానే ఉంది. లోపల గుర్రం ఉంది, గుర్రం వెనకాల నేనున్నాను.

మొదటినుంచీ చెప్పాల్సిందే, ఎందుకంటే మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న కథ ప్రకారం నేనారోజు తాగి ఉన్నాను. ఆ పూట నేను తాగినవి రెండు ఇరానీ చాయ్‌లు, అంతే.

నా చిన్నప్పుడు మా ఇంటికి రెండు బస్టాపుల అవతల ఒక పిల్లల పార్కు ఉండేది. పేరెందుకు లెండి. అందులో ఒక గుర్రాల రాట్నం. పెద్దదేం కాదు, పన్నెండు గుర్రాలు, పైన తాటాకు గొడుగంత రేకు కప్పు, మధ్యలో ఒక ముసలాయన స్టూలు మీద కూర్చుని స్విచ్చు వేసేవాడు. కప్పు కింద ఇరుసు వంకరటింకరగా ఉండేది. అది తిరుగుతుంటే దానికి వేలాడే కడ్డీ పైకీ కిందికీ పోయేది, కడ్డీతో పాటు గుర్రం పోయేది, గుర్రంతో పాటు మా ప్రాణాలు పోయేవి. నాది ఏడో నంబరు. ఏడేళ్ల వయసులో దాని మీద కూర్చుని వెనక్కి తిరిగి మా నాన్నకి టాటా చెప్పి, మళ్లీ ముందుకి తిరిగేసరికి గుర్రం పైకి లేచింది, నా మూతి దాని ఎడమ చెవికి కొట్టుకుంది. నా ముందు పన్ను, దాని చెవి కొస, రెండూ ఒకేసారి ఊడాయి. పన్ను మళ్లీ వచ్చింది.

మూడు వారాల క్రితం మావాణ్ణి తీసుకుని ఆ పార్కుకి వెళ్లాను. వాడికి పదకొండేళ్లు. బండి మీద వెళ్తూ రాట్నం గురించి ఒకటే వర్ణన.

"అది ఎక్కడికి వెళ్తుంది నాన్నా?"

"ఎక్కడికీ వెళ్లదురా, గుండ్రంగా తిరుగుతుంది."

"తర్వాత?"

"మళ్లీ తిరుగుతుంది."

వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. నా ఆరోగ్యం గురించి ఆలోచిస్తున్నట్టు అనిపించింది.

తీరా వెళ్తే రాట్నం లేదు. అది ఉన్నచోట గుండ్రటి సిమెంటు గచ్చు, దాని మీద ఎండలో ఒక కుక్క పడుకుని ఉంది. గేటు దగ్గరాయన్ని అడిగితే, "పోయింది సార్, బేరింగులు దొరుకుతలేవట, తుక్కు కింద ఇచ్చేసిండ్రు" అన్నాడు. కొలంబస్ పడవ? అదీ పోయింది. టీకప్పులు? "అవి ఎప్పుడో పోయినయ్ సార్, మీరు ఎన్నేండ్ల కింద వచ్చిండ్రు?" అని ఎదురడిగాడు. లెక్కేస్తే నాకే సిగ్గేసింది. వచ్చి పద్దెనిమిదేళ్లయింది. పద్దెనిమిదేళ్లు ఒక్క టిక్కెట్టు కొనకుండా, నా గుర్రాన్ని ఎవరు తీసేశారని గేటు దగ్గర నిలబడి కోప్పడుతున్నాను.

న్యాయంగా చెప్పాలంటే వాటికి రోజులు అయిపోయి చాలా కాలమైంది. రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో వచ్చింది, రావిర్యాల దగ్గర వండర్‌లా 2016లో వచ్చింది, ఇప్పుడు ఏ మాల్‌కి వెళ్లినా పై అంతస్తులో కార్డు గీకితే ఆడుకునే ఆటలే. తలకిందులుగా వేలాడదీసి డబ్బులు తీసుకునే చోటు ఉండగా గుండ్రంగా తిప్పేవాడి దగ్గరికి ఎవడు పోతాడు? ఉన్నంతలో హైదరాబాద్‌లో ఏటా పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్, ఒక్కటే కాస్త పాత వాసన పట్టుకుని ఉంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లికి మారిందది, జనవరి 1న తలుపు తీస్తే నలభై ఆరు రోజులు. జెయింట్ వీల్ పైకి వెళ్లగానే కింద మిర్చీబజ్జీల పొగ, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. మృత్యుబావిలో చెక్క గోడ మీద బైకు తిరుగుతుంటే పైన నిలబడ్డ మన కాళ్ల కింద పలకలు గడగడ వణికేవి, మా మామయ్య పది రూపాయల నోటు చాపితే ఆ బైకాయన చేతులు వదిలేసి వచ్చి లాక్కుపోయేవాడు. మామయ్య మిగతా జీవితమంతా ఆ పది రూపాయల గురించే చెప్పాడు.

పార్కు నుంచి వచ్చాక నాకు బెంగ పట్టుకుంది. ఇంట్లో అదే మాట, పొద్దున అదే, రాత్రి అదే. ప్రపంచంలో మొట్టమొదటి జెయింట్ వీల్ గతేమైందో తెలుసా అని మా ఆవిడకి చెప్పాను. 1893లో షికాగోలో కట్టారు, ఎత్తు 264 అడుగులు, ముప్పై ఆరు పెట్టెలు, పెట్టెకి అరవై మంది చొప్పున ఒక్కసారికి రెండు వేల మంది పైగా ఎక్కేవాళ్లు. దాన్ని విప్పి 1904లో సెయింట్ లూయిస్ తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు, 1906లో డైనమైట్ పెట్టి కూల్చి తుక్కుకి అమ్మేశారు. "పదమూడేళ్లే! అంత పెద్ద చక్రానికే దిక్కు లేదు!" అన్నాను కుక్కరు పక్కన నిలబడి.

"మూడు విజిల్స్ వచ్చాయి, స్టవ్ ఆపండి" అంది.

అక్కడితో అయిపోయేది. కానీ మొన్న ఆదివారం పొద్దున పాత పేపర్లు వేద్దామని తుక్కు దుకాణానికి వెళ్తే, పాత కూలర్ల వెనకాల, కమోడ్ల పక్కన, నాలుగు కాళ్లూ గాల్లోకి లేపి, నోరు తెరుచుకుని పదకొండు గుర్రాలు. నా చేతిలో పేపర్ల కట్ట జారిపోయింది.

ఏడో నంబరు కోసం వెతికాను. నంబర్ల మీద ఎప్పుడో రంగు వేసేశారు. సరే, చెవి ఉందిగా గుర్తు అనుకుని ఎడమ చెవి కొస విరిగినదాని కోసం చూస్తే నాలుగు గుర్రాలకి ఎడమ చెవి కొస లేదు. అంటే నాలాంటి వెధవలు ఇంకో ముగ్గురున్నారన్నమాట. నాలుగింటి మొహాలూ దగ్గరికెళ్లి చూశాను, ఏదైనా నన్ను గుర్తుపడుతుందేమోనని. చివరికి ఎర్ర రంగు దాన్ని పట్టుకున్నాను, దాని చూపు తెలిసినట్టుంది.

దుకాణమాయన మంచివాడే. "కడ్డీలు, ఇనుము అమ్ముడుపోయినయ్ సాబ్. ఈ ఫైబర్‌ని కరగబెట్టలేం, ఎవ్వడూ కొనడు, జాగా తింటున్నయ్. ఓ వెయ్యి ఇచ్చి తీస్కపోండి" అన్నాడు. అక్కడ నేను చెయ్యాల్సింది ఒకటే, మొహం చిట్లించి ఐదొందలు అనడం. నేనేం చేశానంటే, గుర్రం మెడ మీద చెయ్యేసి కళ్లు తుడుచుకున్నాను. ఆయన అది చూశాడు. "మీకు కాబట్టి రెండు వేలు" అన్నాడు. బేరమాడితే రేటు పెరగడం నా జీవితంలో అదే మొదటిసారి. పేపర్లకి వచ్చిన నూట ఎనభై పోను మిగతాది ఫోన్‌పే కొట్టాను.

దాన్ని ఇంటికి తేవడానికి చోటా హాథీ మాట్లాడాను. చిన్న ఏనుగు మీద గుర్రం. తాళ్లతో కట్టి వెనకాల నేను పట్టుకుని నిలబడ్డాను, చైతన్యపురి సిగ్నల్ దగ్గర బండి ఆగగానే పక్కన ఆటోలో పెద్దాయన ఒకరు తల బయటికి పెట్టి, "పెండ్లికా, గణపతికా?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచక "ఇంటికి" అన్నాను. ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టారు.

ఇక లిఫ్టు. మాది మూడో అంతస్తు. మెట్ల మలుపు దగ్గర గుర్రం తిరగదని వాచ్‌మన్ చూడగానే చెప్పాడు. పరుగెత్తే భంగిమలో చేసిన గుర్రం అది, ముందు కాళ్లు ఓ పక్కకి, తోక ఇంకో పక్కకి. లిఫ్టులో అయితే నిలబెట్టి పట్టించొచ్చన్నది నా ఐడియా. మాది పాతకాలం లిఫ్టు, లాగే జాలీ గేటు. ముందు నేను లోపలికి వెళ్లి, గుర్రాన్ని వెనక కాళ్ల మీద నిలబెట్టి నా వైపు లాక్కున్నాను, బయటినుంచి వాచ్‌మన్ నెట్టాడు. తల ఫ్యానుకి తగిలింది. "కొంచెం వంచు అన్నా" అన్నాను. వంచాడు. వంచగానే ముందరి కుడికాలు జాలీ గేటు సందులోకి దూరి మోకాలి దాకా దిగిపోయింది, గుర్రం అడ్డంగా పడి గోడకీ గేటుకీ మధ్య బిగుసుకుంది. ఇక అది లోపలికి రాదు, బయటికి పోదు. నేను వెనక గోడకి అతుక్కుని ఉన్నాను.

గేటు పడకపోతే మా లిఫ్టులో ఒక ఆడగొంతు మాట్లాడుతుంది. "కృపయా దర్వాజా బంద్ కీజియే." ఆగి ఆగి, మర్యాదగా, ఒక్కసారి కూడా విసుగు లేకుండా. నలభై ఐదు నిమిషాలు. ఇప్పటికీ నిద్రలో వినిపిస్తోంది.

నా ఎదురుగా ఒక పలక, 6 మంది, 408 కిలోలు అని. భాగిస్తే మనిషికి అరవై ఎనిమిది. నేను ఎనభై నాలుగు. గుర్రం నయం, ఇరవై ఐదుకి మించదు.

పలక అయ్యాక చూడ్డానికి గుర్రమే మిగిలింది, అదీ దాని లోపలి వైపు. రాట్నం గుర్రానికి రెండు పక్కలా ఒకే రకం సోకులుండవు. జనం చూసే బయటి వైపు జీను, పూలు, అద్దపు ముక్కలు. ఇరుసు వైపు ఎవరూ చూడరు కాబట్టి ఏదో ఒక పూత పూసి వదిలేస్తారు. నా మొహానికి జానెడు దూరంలో ఆ పూత మీద రంగు కారిన చారలు, వాటి మధ్య ఒక బొటనవేలి ముద్ర. ఎవరో పెయింటరు తడి మీద చెయ్యి ఆన్చి ఉంటాడు. గేటుకి రాసుకుని కడుపు దగ్గర రంగు పెచ్చు లేచింది, ఎరుపు కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద నీలం. నా ఏడో నంబరు నీలం. అప్పటిదాకా మర్చిపోయాను. ఆ ఇరుకులో ఆనందంతో గట్టిగా అరిచాను, బయట వాళ్లు గాలాడక అరుస్తున్నాననుకుని అంబులెన్సుకి ఫోన్ చెయ్యబోయారు.

బయట అప్పటికే జనం. కూరల సంచీలతో ఐదో అంతస్తు తాతగారు, మోకాళ్ల నొప్పుల రెండో అంతస్తు ఆంటీ, బిర్యానీ తెచ్చిన డెలివరీ అబ్బాయి. ప్రెసిడెంట్ గారు వంగి గుర్రం కాళ్ల సందులోంచి నన్ను చూసి, "ఏమండీ, పెంపుడు జంతువుల గురించి బైలాస్‌లో స్పష్టంగా ఉంది కదా" అన్నారు.

"ఇది జంతువు కాదు సార్, ఫైబర్."

"మరి ఫర్నిచరా? ఫర్నిచర్ తెస్తే ముందు రోజు చెప్పాలి, షిఫ్టింగ్ చార్జి కట్టాలి."

మా ఆవిడ మూడంతస్తులూ మెట్లు దిగి వచ్చింది. ఏం అనలేదు. గుర్రాన్ని చూసింది, సందులోంచి నన్ను చూసింది, "షికాగోలో వాళ్లు డైనమైట్ ఎందుకు పెట్టారో ఇప్పుడర్థమైంది" అంది. మరి విన్నదన్నమాట!

ఈలోగా పిల్లలు దిగారు. పెద్దవాళ్లు కొబ్బరినూనె కోసం వెతుకుతుంటే ప్రెసిడెంట్ గారి మనవడు, నాలుగేళ్లవాడు, గేటు పట్టుకుని పాక్కుంటూ వచ్చి గుర్రం మెడ మీద ఎక్కేశాడు. వాడి వెనక ఇంకొకడు. వాళ్లు ఊగితే గుర్రం ఊగుతోంది, గుర్రం ఊగితే దాని తోక నా పొట్టలో దిగుతోంది. "ఒకరి తర్వాత ఒకరు!" అని డెలివరీ అబ్బాయి లైను పెట్టించాడు, పైకి వెళ్లాల్సిన బిర్యానీ చల్లారిపోతున్నా సరే. లిఫ్టావిడ కృపయా అంటోంది, పిల్లలు హేయ్ అంటున్నారు. ఫోనులో తల పెట్టుకుని దూరంగా నిలబడ్డ మావాడు కూడా చివరికి లైనులోకి వచ్చాడు, నా వైపు చూడకుండా.

నూనె పోసి, పిల్లల్ని బలవంతంగా దింపి, వాచ్‌మనూ డెలివరీ అబ్బాయీ కలిసి ఒక్క లాగు లాగారు. ఫట్‌మని శబ్దం. గుర్రం బయటికి వచ్చింది, దాని వెనక నేనూ వచ్చాను. కుడికాలు మోకాలి దాకా గేటులోనే ఉండిపోయింది. ప్రెసిడెంట్ గారి మనవడు గుర్రం దింపినందుకు అరగంట ఏడ్చాడు, అదొక్కటే ఆ రోజు నాకు దక్కిన మద్దతు.

పైకి తీసుకెళ్లే ప్రసక్తే లేదని మా ఆవిడ తేల్చేసింది. ప్రస్తుతం సెల్లార్‌లో మా స్కూటీ పక్కన, కాలు లేని చోట రెండు ఇటుకలు పెట్టి ఆనించాను. పాత సామాను కామన్ ఏరియాలో ఉంచకూడదని, వెంటనే తీసెయ్యాలని సోమవారం ఒకరు గ్రూపులో పెట్టారు. మనవడి గోల పడలేక కాబోలు ప్రెసిడెంట్ గారు మధ్యేమార్గం వెతికారు, పార్కింగ్ చార్జి కడితే ఉండనివ్వచ్చని. అయితే ఎంత? టూవీలర్‌కి రెండొందలు, కారుకి ఐదొందలు. మంగళవారం రాత్రి దీని మీద గంటన్నర మీటింగు జరిగింది. కాళ్లు నాలుగు కాబట్టి కారు రేటన్నారు తాతగారు. ఒకటి విరిగింది కదండీ అన్నాను. ట్రెజరర్ గారు సెల్లార్‌కి దిగి, సెల్‌ఫోన్ లైటు వేసి, వంగి స్వయంగా లెక్కపెట్టి వచ్చారు.

రసీదు ఫ్రిజ్ మీద అతికించాను. వాహనం రకం అన్నచోట "ఆటో" అని రాసి ఉంది, మూడొందల యాభై.