నెల్లూరు మ్యూజియం తాళాలు ఎవరి దగ్గర ఉండాలి?

విదేశాల్లో ఉంటున్న నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళం, మన సంఘంలో గానీ బయట గానీ ఎక్కడ కలిసినా సొంతగడ్డకి ఏదో ఒకటి చెయ్యాలన్న మాట వస్తుంది. ఊరి ముందు ముఖద్వారం, బడికి రెండు గదులు, మంచినీళ్ళ ప్లాంటు. అన్నీ అవసరమైనవే, చేస్తున్నవాళ్ళకి దండం పెట్టాలి. నా కోరిక ఇంకొకటి. నెల్లూరులో మన ప్రాంతపు మనుషుల బతుకులు చెప్పే మ్యూజియం కావాలి. మనుషులు ఏం తిన్నారు, చేత్తో ఏం చేసుకున్నారు, ఏ పని మీద పొట్ట పోసుకున్నారు అన్నది అక్కడ కనపడాలి. దాని మీద మొదటి హక్కు మన ప్రాంతపు గిరిజనులైన యానాదులకి ఉండాలి. మ్యూజియం అనగానే అందరూ తలూపుతారు. యానాదుల హక్కు అనగానే వాదన మొదలవుతుంది. అందుకే దాని గురించే రాస్తున్నాను.

కెనడాలోని వాంకూవర్‌లో ఉన్నవాళ్ళకి యూబీసీ (బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం) ఆవరణలోని మానవశాస్త్ర మ్యూజియం తెలిసిందే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే స్టాన్లీ పార్కు తరవాత అక్కడికే తీసుకెళ్తాం. 1976లో కట్టిన ఆ భవనం ఆర్కిటెక్ట్ ఆర్థర్ ఎరిక్సన్ గీసింది. ఈ తీరపు ఆదివాసులు స్తంభాలూ దూలాలతో ఇళ్ళు కట్టే పద్ధతిని ఆయన కాంక్రీటులోకి తెచ్చాడు. పెద్ద హాల్లో, అద్దాల గోడల ముందు, సీడర్ మానుల్లో చెక్కిన పాత స్తంభాలు నిలబెట్టి ఉంటాయి. ఇంకోచోట శిల్పి బిల్ రీడ్ చెక్కించిన మహా కాకి శిల్పం ఉంది, 1980 నాటిది. ఆయన తల్లి ఈ తీరపు ఆదివాసులైన హైదా జాతి మనిషి. హైదాల కథలో తొలి మనుషులు ఒక ఆలుచిప్పలో దొరుకుతారు, కాకి వాళ్ళని బయటికి పిలుస్తుంది. కొందరు తొంగి చూస్తుంటారు, కొందరు మళ్ళీ లోపలికి దూరబోతుంటారు. పిల్లలు దాని చుట్టూ తిరుగుతూ ఎంతసేపటికీ కదలరు.

నన్ను మాత్రం ఎక్కువసేపు ఆపేవి పక్కనున్న గ్యాలరీలు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన వస్తువులు అద్దాల బీరువాల నిండా, కింద సొరుగుల నిండా వేల కొద్దీ ఉంటాయి. సొరుగు ఎవరైనా లాగి చూడొచ్చు. ఆఫ్రికా ముసుగులు, పసిఫిక్ దీవుల అల్లికలు, మన వైపు బట్టలు, అన్నీ ఒకే వరసలో. అక్కడ మన నేత కూడా ఎవరో ఒక తెగవాళ్ళ వస్తువే. ఊళ్ళో అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చునే కుటుంబాల వాళ్ళమైనా అక్కడ సొరుగులో ఉన్నవాళ్ళమే. ఎప్పుడూ చూసేవాళ్ళుగా బతికినవాళ్ళకి తాము చూపు కింద ఉంటే ఎలా ఉంటుందో తెలియడం మంచిది.

ఆ నేల మస్క్వియం జాతిది. ఆ సంగతి మ్యూజియం గుమ్మంలోనే చెబుతుంది. ఈ ఒప్పుకోలు ఊరికే రాలేదు. పాట్‌లాచ్ అని ఈ తీరంలో ఒక వేడుక ఉంది. నలుగురినీ పిలిచి, ఆడి పాడి, ఉన్నదంతా పంచిపెట్టే పండగ. దాన్ని కెనడా ప్రభుత్వం 1885 నుంచి 1951 దాకా నిషేధించింది. 1921లో ఒక దీవిలో ఈ వేడుక చేసుకున్నందుకు జనాన్ని అరెస్టు చేసి, ముసుగులూ రాగి ఫలకాలూ అప్పగిస్తే జైలు తప్పుతుందన్నారు. అలా లాక్కున్నవి ఒట్టావా, టొరంటో, న్యూయార్క్ మ్యూజియాలకి చేరాయి. ఆ ఆదివాసులు పట్టు వదలకుండా అడిగి కొన్నిటిని వెనక్కి తెచ్చుకుని, 1980లో అలర్ట్ బేలో ఉమిస్టా అనే సొంత కేంద్రం తెరుచుకున్నారు. అమెరికాలో కూడా 2024 జనవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి. ఆదివాసుల పవిత్ర వస్తువుల వంటివి ప్రదర్శించాలంటే ముందు వాళ్ళ అనుమతి ఉండాలి. న్యూయార్క్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఆ నెలలోనే రెండు పెద్ద హాళ్ళు మూసేసింది.

ఇదంతా పరాయి కథ అనుకోవద్దు. ఆ బ్రిటిష్ జెండా కిందే మన దగ్గర 1871లో నేరస్థ తెగల చట్టం, అంటే కొన్ని తెగల్ని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టే చట్టం, వచ్చింది. 1911 నుంచి మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. యానాదుల్లో కొందరి మీద కూడా ఆ ముద్ర పడింది. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. ఆ బ్రిటిష్ కాలంలోనే మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో, మనుషుల తలలూ ముక్కులూ కొలిచి దక్షిణాది కులాల మీద, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. యానాదులు చివరి సంపుటంలో ఉన్నారు. కొలిచినాయన పేరు నేటికీ అందరూ చెబుతారు. కొలిపించుకున్నవాళ్ళ పేర్లు ఎవరికి తెలుసు?

వాళ్ళని మనుషులుగా చూసి వాళ్ళ కోసం పనిచేసినవాళ్ళూ మన నెల్లూరులోనే ఉన్నారు. వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా యానాదుల హక్కుల కోసమే తిరిగారు. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. మన సంఘం పిల్లల క్విజ్‌లో ఆయన పేరు ఒక్కసారైనా అడగాలి.

కోవూరు వైపు మా పొలాల్లో ఎలక బుట్టలు పెట్టే యానాది పెద్దాయన ఒకరున్నారు. వెదురు బద్దని విల్లులా వంచి, తాడుతో బిగించి, లోపల నాలుగు వడ్లగింజలు పెడతారు. ఎలక వచ్చి గింజని కదిలిస్తే చాలు, విల్లు విడిపోయి తాడు బిగుసుకుంటుంది. మేకు లేదు, తీగ లేదు. పొద్దుగూకేవేళ గట్ల వెంబడి పెట్టుకుంటూ పోతారు, తెల్లారి తీసుకుంటారు. పోయిన వేసవిలో ఆయన పక్కన గట్టు మీద కూర్చుని అడిగాను.

"ఇది ఎన్నాళ్ళు ఆగుద్ది పెద్దాయనా?"

"వాన్లో పారేయకుంటే ఈ ఎడగారు దాటి మళ్ళీ నాట్లదాకా ఆగుద్ది సామీ."

"పిల్లకాయలకి నేర్పించావా?"

"దీంతో బతికేది లేదని మేమే వద్దన్నాం సామీ."

బొరియల్లో పొగ పెట్టే కుండని కూడా చూపించారు. అడుగున చిల్లు. లోపల గడ్డి కుక్కి నిప్పు పెట్టి, కుండ మూతిని బొరియకి ఆనించి, చిల్లు దగ్గర నోరుపెట్టి ఊదాలి. పొగ సగం బొరియలోకి పోతే సగం ఊదేవాడి కళ్ళలోకీ గుండెల్లోకీ పోతుంది. ఆయన దగ్గు వింటే ఆ లెక్క తెలుస్తుంది. రేపు మ్యూజియంలో ఆ కుండ పెడితే ఆ దగ్గు సంగతి కూడా రాయాలి. బుట్ట అల్లికని మెచ్చుకుని, ఆ కుటుంబానికి సెంటు భూమి లేదన్న సంగతి దాటేస్తే అది మ్యూజియం కాదు, షోకేసు.

ఆయన్ని ఊళ్ళో పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. చిన్నపిల్లలు కూడా కులం పేరుతోనే పిలుస్తారు. నాకు ఆయన పేరు తెలుసు. ఆయన్ని అడక్కుండా పత్రికలో వేసే హక్కు నాకు లేదు కనుక వెయ్యడం లేదు. మన మ్యూజియంలో ప్రతి వస్తువు కిందా ఈ పద్ధతే ఉండాలని నా పట్టుదల. చేసినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరు, ఊరు, ఎంతకి కొన్నామో ఆ ధర రాయాలి. ఇష్టం లేకపోతే వస్తువే తీసుకోకూడదు. ఏది చూపించాలో, ఏది చూపించకూడదో యానాదులే చెప్పాలి. పాముకాటుకి, గాయాలకి వాళ్ళు వాడే మూలికల జ్ఞానం తరాల ఆస్తి. పేర్లూ పాళ్ళూ బోర్డు మీద రాసేస్తే రేపు ఎవడో సీసాలో పోసి అమ్ముకుంటాడు. దేవర కొలుపులకి సంబంధించినవి అద్దం వెనక పెట్టొచ్చా లేదా అన్నదీ మనం తేల్చేది కాదు. కమిటీలో సగానికి పైగా వాళ్ళు ఉండాలి, తాళాలు వాళ్ళ దగ్గర ఉండాలి. డబ్బులిచ్చినవాళ్ళుగా మనకి లెక్కలు చూసే హక్కు చాలు.

శ్రీహరికోట సంగతి కూడా అందులో ఉండాలి. రాకెట్ ఎగిరినప్పుడల్లా నా గుండె ఉప్పొంగుతుంది, మా వాట్సాప్ గ్రూపులు మోగిపోతాయి. ఆ దీవిని 1969లో ఎంచుకున్నారు, 1971లో తొలి రాకెట్ ఎగిరింది. అంతకు ముందు ఆ అడవిలో దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని, వాగుల్లో చేపలు పట్టుకుని బతికినవాళ్ళు యానాదులు. రాకెట్ కేంద్రం కోసం వాళ్ళు ఆ చోటు వదలాల్సి వచ్చింది. మన పిల్లలకి ఆ రెండు సంగతులూ ఒకేచోట తెలియాలి.

"ముందు ఇళ్ళ పట్టాలు, ఆధార్ కార్డులు, పిల్లల చదువు చూడండి, మ్యూజియం తరవాత" అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే, అవి ముందు. 2011 జనాభా లెక్కల్లో 5 లక్షలకు పైగా ఉన్న జనం కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం సిగ్గుపడాల్సిన విషయం. అందుకే నేను అడిగే మ్యూజియంలో ఖర్చు గోడల మీద కాకుండా జీతాల మీద పడాలి. బుట్ట అల్లే పెద్దవాళ్ళకి నెల జీతం, వాళ్ళ దగ్గర నేర్చుకునే పిల్లలకి స్టైపెండ్, చూపించి చెప్పేవాళ్ళకి ఉద్యోగం. దీంతో బతికేది లేదన్న పెద్దాయన మాటకి జవాబు జీతమే.

మిగతావాళ్ళు ఉండరా అంటే, ఉంటారు. ఉదయగిరి చెక్క గరిటెలు చెక్కే ముస్లిం కుటుంబాలు, వెంకటగిరి మగ్గం, మార్కాపురం పలకలు, నల్లమల చెంచులు, తీరంలో పట్టపు వాళ్ళ వలలు. ఒక సొరుగు మన కోసం కూడా కావాలి. వడ్ల పాతర ఎలా తవ్వేవాళ్ళో, ఆ పాతర నింపిన కూలీలకి కొలిచిన గింజలెన్నో, ఇంట్లో ఏ గుమ్మం దాకా ఎవరిని రానిచ్చేవాళ్ళో ఆ సొరుగు లాగితే కనపడాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడుతున్నాను. స్థలం కొనాలనో, శంకుస్థాపనకి మంత్రిని పిలవాలనో అడగడం లేదు. మొదటి ఏడాది చందా అంతా గిరిజన కాలనీల్లో కూర్చుని మాట్లాడడానికే ఖర్చు పెడదాం. వచ్చి మాట్లాడినవాళ్ళకి ఆ రోజు కూలీ మనమే ఇద్దాం. వాళ్ళు మ్యూజియం వద్దంటే, ఏం కావాలో అడిగి ఆ డబ్బు దానికే ఇచ్చేద్దాం.