రాయని పేజీకి అనుమతి సంతకమా?

"పూర్తి స్క్రిప్టు ముందే ఇవ్వండి. మేం చదివి సంతకం పెట్టాకే పిల్లల్ని పంపిస్తాం." ఇంకా తయారవుతున్న నాటకాన్ని కుర్రకారుకు చూపించి, వాళ్ల మాట విందామనుకునే మహిళా కళాకారులకు ఎదురవుతున్న షరతు ఇది. వినడానికి చిన్న కాగితం పనిలాగే ఉంది. ఒకసారి ఒప్పుకుంటే మాత్రం రంగస్థలం మెడకు ఉరి బిగిసినట్టే. సగమే రాసిన నాటకానికి పూర్తి స్క్రిప్టు ఎక్కణ్నుంచి తెస్తారు?

షరతు పెట్టేవాళ్లలో అలాంటి ప్రదర్శనను ఒక్కసారైనా చూసినవాళ్లు ఎందరో మాకు అనుమానమే. అక్కడ తెర ఉండదు, లైట్ల హంగు ఉండదు. నేల మీద అంటించిన టేపే గుమ్మం. రెండు కుర్చీలు పక్కపక్కన వేస్తే అదే బస్సు. నటి చేతిలో పెన్సిల్ గీతలతో నిండిన కాగితాలు. సీను మధ్యలో ఆగిపోయి, "ఈ పిల్ల ఇప్పుడు ఇంటికి వెళ్తుందా, వెళ్లదా?" అని ఎదురుగా కూర్చున్నవాళ్లనే అడుగుతుంది. కాసేపు ఎవరూ నోరు విప్పరు. చివరికి వెనక వరసలోంచి ఓ పదిహేనేళ్ల అమ్మాయి, "వెళ్తుంది. కానీ అమ్మతో అలా మాట్లాడదు. అసలేం మాట్లాడదు" అంటుంది. రచయిత్రి అక్కడికక్కడే నాలుగు డైలాగులు కొట్టేస్తుంది. ఆ రోజు జరగాల్సిన పని అదే. అదే ముందురోజు సంతకమైన స్క్రిప్టయితే ఆ నాలుగు డైలాగులూ అలాగే పలకాలి. కొట్టేస్తే అనుమతి మీరినట్టు!

భయపెట్టడానికి చెబుతున్న మాట కాదిది, జరిగిన సంగతే. 1737 నాటి చట్టంతో ఇంగ్లండ్‌లో కొత్త నాటకం ఏదైనా ముందుగా రాజాస్థాన అధికారి కళ్లబడాల్సి వచ్చేది. రిహార్సల్‌లో నటులతో కలిసి నాటకాన్ని పెంచుకుంటూ పోవడం దర్శకురాలు జోన్ లిటిల్‌వుడ్ పద్ధతి. అనుమతి పొందిన ప్రతిలో లేని మాటలు వేదిక మీద వినిపించాయని 1958లో ఆమె బృందాన్ని కోర్టుకు లాగారు, జరిమానా వేశారు. నాటకం ఎదగడమే నేరమైంది. ఆ ముందస్తు అనుమతి 1968లో గానీ రద్దు కాలేదు. లెక్క వేసుకోండి, 231 ఏళ్లు! ఒక్కసారి చేతికి చిక్కిన సంతకం అధికారాన్ని ఎవరూ తమంతట తాము వదులుకోరు. అందుకే మొదటి సంతకం దగ్గరే ఆపాలంటున్నాం.

ఆడవాళ్ల విషయంలో ఈ భయం ఇంకాస్త ఎక్కువ. జపాన్ సంప్రదాయ నాటకరూపమైన కబుకిని 1603 ప్రాంతంలో మొదలుపెట్టింది ఒకుని అనే మహిళ. 1629 వచ్చేసరికి నీతి పేరు చెప్పి అక్కడి పాలకులు ఆడవాళ్లనే ఆ వేదిక ఎక్కకుండా నిషేధించారు. సొంతంగా కట్టుకున్న ఇంటి నుంచే గెంటేశారు. ఇవాళ "పిల్లల మంచి కోసమే" అంటున్న గొంతులో మాకు ఆ పాత నీతే వినిపిస్తోంది.

తల్లిదండ్రులకు టెన్షన్ ఉంటుంది, కాదనం. దానికి దారీ ఉంది. కథ దేని గురించో, ఏ వయసువాళ్లకో ముందే చెప్పాలి. గదిలో పిల్లలకు నమ్మకమున్న పెద్దలు ఒకరిద్దరు ఉండాలి. ఇబ్బందిగా అనిపిస్తే ఎప్పుడైనా లేచి వెళ్లొచ్చని మొదట్లోనే చెప్పాలి. ఈ పనులు చేసే కళాకారులే ఎక్కువ. వీటిలో ఒక్కదానికీ పేజీ పేజీకి సంతకం అక్కర్లేదు.

మాకు అంతకంటే కోపం తెప్పిస్తున్నది ఈ రెండు నాలుకల ధోరణి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలంటుంది. సాంస్కృతిక జీవితంలో, కళల్లో వాళ్లు స్వేచ్ఛగా పాల్గొనే హక్కు 31వ అధికరణంలో ఉంది. ఏటా మార్చి 20న బాలల, యువజనుల రంగస్థల దినోత్సవం కూడా జరుపుకుంటున్నాం. వేదికలెక్కి "యువత గొంతు వినాలి" అని ఉపన్యాసాలిచ్చేవాళ్లకు కొదవ లేదు. తీరా ఆ గొంతు వినడానికి నలుగురు ఆడవాళ్లు కాగితాలు పట్టుకుని వస్తే, ముందు ఆ కాగితాలు లాక్కుంటామంటారు. రాత్రంతా ఫోన్‌లో పిల్లలు ఏం చూస్తున్నారో అడిగే తీరిక ఉండదు. పట్టపగలు, పెద్దల సమక్షంలో, ప్రశ్న అడిగితే జవాబు చెప్పే మనుషులు చేసే నాటకం మీద మాత్రం నిఘా!

ఈరోజు స్క్రిప్టు అడిగినవాళ్లు రేపు పిల్లలు అడగబోయే ప్రశ్నల జాబితా అడుగుతారు. ఎల్లుండి ఆ వెనక వరస అమ్మాయి ఏం మాట్లాడాలో కూడా వాళ్లే రాసిస్తారు.

కళాకారులు ఈ షరతుకు ఒప్పుకోవద్దు. ఒకరు ఒప్పుకుంటే, తర్వాత వచ్చే ప్రతి ఒక్కరి ముందూ ఆ కాగితమే పెడతారు. ఇక సంతకం పెన్ను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పెద్దలకు ఒక మాట. పెన్ను జేబులో పెట్టుకోండి. లోపలికొచ్చి ఆ వెనక వరసలో కూర్చోండి. ఒక్క గంట నోరు కట్టుకుని, ఆ అమ్మాయి ఏం చెబుతోందో వినండి.