లెగకు పథకం

ఆంధ్ర సరిహద్దునున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో అరవై దాటినవారి కోసం ఇంటింటా ఒక సంక్షేమ పథకం నడుస్తోంది. భువనేశ్వర్ పైసా ఇవ్వదు, అమరావతి అసలే ఇవ్వదు, అయినా ఒక్కరోజు ఆగలేదు. పేరు ‘లెగకు’. "మామ్మా, నువ్ లెగకు, నీళ్లు నేను తెస్తాను." "మావయ్యగారూ, మీరు లెగకండి, ఆ సంచీ ఇలా ఇచ్చెయ్యండి." పక్కనున్న ఒడియా వారింట్లోనూ ఇదే. కొఠియా ఊళ్ల మీద రెండు రాష్ట్రాలకూ తగువుంది గానీ ఈ విషయంలో లేదు. (‘లేవకు’ అని రాయమనే పండితులకు మనవి: గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది.)

పథకం సాధించినవి తక్కువేం కాదు. పీట పోయి ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. పీట మీద తిన్న రోజుల్లో మనిషి పూటకోసారైనా నేలమీంచి లేచేవాడు. తొడలకీ తుంటికీ అనవసరపు శ్రమ. చేద పోయి మోటారు, రోలు పోయి గ్రైండరు, ముగ్గు పోయి స్టిక్కరు వచ్చాయి. ఇక మిగిలింది టీవీ రిమోటు. దాన్నీ మనవడే అందిస్తున్నాడు.

దీని వెనక గట్టి శాస్త్రం ఉంది. ఎముక పాతకాలపు గుమస్తా లాంటిది. బరువు పడినచోట కడుతుంది, పడనిచోట ఊడదీసుకుంటుంది. 1892లోనే జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ ఈ లెక్క రాసిపెట్టాడు. రోదసిలో తేలే వ్యోమగాములకు తుంటి ఎముక సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం తగ్గుతుంది. దానికి రాకెట్టు కావాలి. మనకు అంత వేగం లేకపోయినా, ఒక కుర్చీ, ఒక ప్రేమగల కోడలు ఉంటే దారి అదే.

పథకానికి శత్రువులెవరో తెలుసుకోవాలి. మహేంద్రతనయ నది గట్టున పొద్దున్నే నడిచేవాళ్లతో పెద్ద ముప్పు లేదు. గుండెకీ షుగరుకీ నడక మంచిదే గానీ, ఎముకకు అది అలవాటైన బరువు. కొత్తగా కట్టాల్సిన పని పెట్టదు. ఈత, సైకిలు ఇంకా నయం, అక్కడ ఒంటి బరువు నీళ్లూ సీటూ మోస్తాయి.

చోడి (రాగి) అంబలినీ అనుమతించవచ్చు. 100 గ్రాముల చోడిపిండిలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. గ్లాసుడు అంబలిలో పడే పిండి 30 గ్రాములు, అంటే నూటపది లోపే. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1000, ముట్లుడిగిన ఆడవాళ్లకు 1200. పాలు, పెరుగు, చిన్నచేపల ఊసెత్తకుండా "అంబలి తాగుతున్నాం కదా" అనేవారు మనవాళ్లే.

ఎముకలు పల్చబడినవాళ్లు, అంటే ఎముక సాంద్రత పరీక్షలో టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకు దిగువన గానీ ఉన్నవాళ్లు, నడుం గుండ్రంగా వంచి కాలివేళ్లు అందుకునే ఆసనాలు వేస్తుంటే ఎవరూ ఆపకండి. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వారు ఇలాంటి స్త్రీలను గమనిస్తే, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతానికి వెన్నుపూసలు కొత్తగా నలిగాయి. వెన్ను నిటారుగా వెనక్కి సాచినవారిలో 16 శాతానికే. పథకానికి ఇంత సేవ మన కోడళ్లు కూడా చెయ్యలేదు.

అసలు ప్రమాదం బరువులెత్తేవాళ్లతో. 2018లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో, ఎముక సాంద్రత తగ్గిన, ముట్లుడిగిన స్త్రీలతో వారానికి రెండు రోజులు, అరగంట చొప్పున, భారీ బరువులెత్తించారు. ఎనిమిది నెలలకు నడుము దగ్గర సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి కసరత్తు చేసినవారికి 1.2 శాతం తరిగింది. అదృష్టవశాత్తూ అది శిక్షకుడు పక్కన నిలబడి చేయించాల్సిన పని. మన ఊళ్లో శిక్షకుణ్ణి వెతికేలోపు కరెంటు పోతుంది.

కానీ ఇంటిదొంగ ఉన్నాడు: కుర్చీయే. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకానించి (టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, అప్పుడు పథకం ఒక్క క్షణంలో పూర్తవుతుంది) అంచుకు జరిగి కూర్చుంటారు. మడమలు మోకాళ్లకన్నా కాస్త వెనక్కి. చేతులు గుండెల మీద. వీపు గూనెయ్యకుండా తుంటి దగ్గర ముందుకు వాలి, ఊపిరి వదులుతూ లేస్తారు. ఊపిరి బిగబడితే బీపీ ఎగురుతుంది. మోకాళ్లు రెండూ లోపలికి వాలితే తుంటి కండ చాలలేదన్నమాట. దిగేటప్పుడు మనసులో మూడు లెక్కపెట్టాలి. దబ్బున కూలబడితే దెబ్బ తిన్నగా వెన్నుపూసలకే. ఇలా ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, కాసేపాగి మళ్లీ, వారంలో రెండు మూడు రోజులు. పన్నెండూ తేలికైతే చోడిపిండి కిలో ప్యాకెట్టు గుండెలకు హత్తుకుని లేస్తారు. పిండికి ఈ ఉపయోగం కూడా ఉందని తెలియనివ్వకండి.

కొందరు అక్కడితో ఆగక, వంటగట్టు పట్టుకుని ఒక పాదం ముందు ఇంకోటి, మడమకు వేళ్లు తగిలేలా పెట్టి, మెల్లగా చెయ్యి వదిలి పదిసెకన్లు నిలబడడం సాధన చేస్తారు. తుంటి విరిగేది ఎక్కువగా పడిపోవడం వల్లే కాబట్టి, పడకుండా నిలబడడం నేర్చుకున్నవాళ్లు పథకం నుంచి శాశ్వతంగా జారుకుంటారు.

అంచేత ఇళ్లలో చేతులున్న కుర్చీలే ఉంచండి, మెత్తటి సోఫా అయితే ఉత్తమం. గోడ గడియారంలో సెకన్ల ముల్లు తీసెయ్యండి. చేతులు వాడకుండా ఐదుసార్లు లేచి కూర్చోడానికి పదిహేను సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టు లెక్క. ఆ సంగతి మావయ్యగారికి తెలిసిందంటే లెక్కపెట్టుకుంటూ కూర్చోరు, లెగుస్తారు.